చెంచా వేసేదాకా

నేను పైపులు బాగుచేసేవాణ్ణి.
నీళ్ళ గురించి నాకొకరు చెప్పాలా అనుకునేవాణ్ణి,
ఆ నవంబరు మధ్యాహ్నం దాకా.

నోర్డెన్ దాటాక, సముద్రాన్ని ఆపే మట్టికట్ట కింద
ఎర్ర ఇటుకల ఇల్లు.
కట్ట మీద గొర్రెలన్నీ గాలికి వీపు తిప్పి నిలబడ్డాయి.
వ్యూబ్కె ముసలమ్మ తలుపు తీసి
నా పనిముట్ల పెట్టె చూసింది, బూట్లు చూసింది,
గోడ గడియారం చూసింది.
"మూడయింది. ముందు టీ."

"కొళాయిలో చుక్క రావట్లేదనేగా పిలిచారు?"
"కొళాయి నీళ్ళతో టీ ఎవరు పెడతారు?
ఏ ఊరు నీది?"
"దక్షిణాన, ష్వాబియా కొండలు. పేరు ఫైట్.
ఇక్కడికొచ్చి ఆర్నెల్లు."
"అదీ సంగతి," అంది, జబ్బు పేరు తెలిసిన డాక్టరులా.
మా కొండల్లో నీళ్ళు సగం సున్నం,
కెటిల్ అడుగున పెంకు కడుతుంది.
వ్యానులో ఫ్లాస్కు నిండా దారం సంచీ టీ ఉందన్న సంగతి
ఆమెకి చెప్పలేదు.

పెరట్లో ఇటుకల తొట్టి, చెక్కమూత మీద నాచు.
ఇంటి కప్పు మీద పడే వానంతా అందులోకే.
చేద వేసి తోడింది, గుడ్డలో వడగట్టింది.
"మబ్బులోంచి తిన్నగా వచ్చినవి.
ఇనుము మొహం చూడని నీళ్ళు."
ఇరవై రెండేళ్ళుగా ఇనుము తిప్పుతున్న చేతుల్ని
జేబుల్లో దాచుకున్నాను.

పింగాణీ కూజాలో వేడినీళ్ళు తిప్పి పారబోసింది,
చల్లటి కడుపున ఏదీ పండదట.
మనిషికో చెంచా ఆకు, కూజా పేరున ఇంకొకటి.
ఆకు మునిగేటన్ని నీళ్ళే పోసి, మూత పెట్టి,
చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.
నాలుగు నిమిషాలు.
ఒకసారి గొంతు సవరించుకున్నాను.
ఆకు ఉలిక్కిపడుతుందన్నట్టు చూసింది.

తర్వాత మిగతా నీళ్ళు. కూజా కింద చిన్న కొవ్వొత్తి.

ఇక కప్పులు. గుడ్డు పెంకంత పలచన,
ఒక్కో దాని మీద ఒక్కో ఎర్ర గులాబీ.
మూడు.
రెండింట్లో పటికబెల్లం పలుకు, బొటనవేలి గోరంత.
మూడోది ఖాళీ. అందులో చెంచా.

వేడి టీ తగలగానే పటికబెల్లం చిట్లింది,
చెరువు మీద తొలి మంచుపొరని
పిల్లాడు కాలితో పరీక్షించినట్టు.
"వినబడిందా?
వినబడకపోతే పారబోసి మళ్ళీ పెట్టాలి."

మీగడ పోయకూడదు, ఆనించాలి
కప్పు అంచునే, గడియారానికి ఎదురు తిప్పుతూ.
మునిగింది. పోయిందనుకున్నాను.
అడుగు నుంచి తెల్లగా లేచి విచ్చుకుంది
పొద్దుట్నుంచీ కట్ట మీద వేలాడుతున్న మబ్బే.

అలవాటుగా చెంచా అందుకున్నాను.
మణికట్టు మీద ఒక్క దెబ్బ!
"కలపకు.
మీగడ ముందు రానీ, చేదు తర్వాత రానీ,
తీపి అడుగునే ఉంటుంది, ఎక్కడికీ పోదు.
అన్నీ ఒక్క గుక్కలో కావాలనేవాళ్ళకి
కాఫీ ఉందిగా."

తర్వాతి ఇల్లు హాగెలో, నాలుగింటికి రమ్మన్నారు.
చాలండీ అన్నాను. రెండోది పోసింది.
వద్దండీ అన్నాను. మూడోది పోసింది.
నీళ్ళు నమిలాను.
"నోటి మాట ఇక్కడ ఎవరూ నమ్మరు.
చాలనుకుంటే చెంచా కప్పులో వెయ్యాలి.
అదీ మూడు తాగాక."

అప్పుడు మళ్ళీ చూశాను ఆ మూడో కప్పుని.
పొడిగా ఉంది. చెంచా ఓ పక్కకి వాలి ఉంది.
"హాబో," అంది, కొవ్వొత్తి వత్తి సర్దుతూ.
"ఏప్రిల్లో వేశాడు.
రెండో కప్పు సగంలోనే.
మర్యాద తెలీని మనిషి."

నా చెంచా సాసర్లోనే ఉంచాను.
నాలుగోది పోసింది. తాగాను.
హాగె వాళ్ళకి నీళ్ళొదులుకున్నట్టే.

ఐదున్నరకి గొట్టం కుదిరింది.
కొళాయి దగ్గింది, ఎర్రగా ఉమ్మింది, తేటపడింది.
ఆమె దోసిలి పట్టి, ఒక గుక్క నోట్లో తిప్పి,
కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించింది.

"బాగున్నాయి," అంది,
"గిన్నెలు కడగడానికి."