దూలం మీది అంకె

మా ఇంటి నడి దూలం మీద ఒక అంకె ఉంది.
నాలుగు, ఎనిమిది, రెండు, ఒకటి, మూడు.
తలకిందులుగా.
దూలం ఎత్తినవాడికి చదువు రాదు,
అంకె చెక్కినవాడికి మా ఊరు తెలీదు.

చాప మీద వెల్లకిలా పడుకుని
మేమంతా లెక్క నేర్చింది దాన్నుంచే.
బళ్ళో ఒడియా మాస్టారు
నా మూడుని చూడ్డానికి
పలక తిప్పి పట్టుకునేవాడు.

దొరల కాగితాల్లో ఎలినోర్ ఏదో ఉండేదట.
గోపాలపూర్ నోళియా సాహిలో ఎల్లారమ్మ ఓడ.
మా నోట్లో పడ్డ ఏ పేరూ ఒంటరిగా ఉండదు,
వెనక ఒక అమ్మ వచ్చి చేరుతుంది.

సండర్లాండ్ అనే చలి ఊళ్ళో పుట్టింది.
మూడు తెరచాప కొయ్యలు, రాగిరేకు తొడిగిన కడుపు.
పడుచు వయసులో కలకత్తాకి ఉప్పు మోసింది,
మా సుర్లా ఉప్పుమడుల ముందునుంచే
తల తిప్పకుండా.
తిరిగి పోతూ నువ్వులకీ తోళ్ళకీ ఇక్కడ ఆగేది.

మాకు రేవు కట్ట లేదు.
మైలు దూరాన లంగరేసి నిలబడ్డ ఓడకి
మా మసూలా పడవలే కాళ్ళు.
మేకు లేనివి, కొబ్బరి తాడుతో కుట్టినవి.
మధ్యలో మూడు కెరటాలు.
మొదటిది తడుపుతుంది, రెండోది తిడుతుంది,
మూడోదాని సంగతి దాటొచ్చినవాళ్ళు చెప్పాలి.

తండేలు సూరాడ గంటయ్య, మా ముత్తాత తండ్రి.
చదువు లేదు. మూటకో ముడి.
పొద్దుగూకేసరికి తాడు నిండా ముడులు.
గుమాస్తా కాగితానికీ ఆ తాడుకీ
రోజూ తేడా వచ్చేది.
రోజూ కాగితమే గెలిచేది.

గంజాం అంతా చింతగింజలు ఉడకేసుకున్న ఏడు
ఎల్లారమ్మ ఖాళీ కడుపుతో వచ్చింది.
బియ్యంతో నింపారు.
గంటయ్య పడవ రోజుకి ఆరుసార్లు కెరటం దాటింది.
పెళ్ళాం మాచమ్మ ఒడ్డున కూచుని
పడవ అడుగున రాలింది ఊడ్చి తెచ్చి
చెరిగింది, మళ్ళీ చెరిగింది.
ఇసకే ఎక్కువ.
ఆ నెల తాడుని
ఆయన చూరులో దోపాడు గాని విప్పలేదు.
మరుసటేడు అదే ఓడ రంగం బియ్యం తెచ్చింది.
తినే నోళ్ళు అప్పటికే తగ్గాయి.

ఎద్దుకేం తెలుసురా బండిలో ఏముందో, అనేవాడు తాత.
ఆకలేస్తే ఎద్దు అరుస్తుంది కదా, అనేది నాయనమ్మ.
ఆ తగువు తేలకుండానే ఇద్దరూ పోయారు.

తర్వాత మనుషుల్ని మోసింది, రంగం కూలీలని.
వాళ్ళకి గంటయ్య ముడులెయ్యలేదు.
పొగ ఓడలొచ్చాక దాన్ని నార్వేవాళ్ళకి అమ్మారు,
వాళ్ళు అక్యాబు సేటుకి అమ్మారు,
సేటు కొయ్యలు నరికించి బొగ్గు నింపాడు.
గాలి పట్టుకుని తిరిగింది
ఇంకో ఓడ తాడు పట్టుకుని నడిచింది.
కార్తీకంలో ఒక రాత్రి ఆ తాడూ తెగి
మా ఇసకలో మోకాళ్ళేసింది.

బరంపురం కంట్రాక్టరు వేలం పాడుకున్నాడు.
రాగి బెల్లగుంటకి పోయి
ఒళ్ళు మెలితిప్పే చేపలైందంటారు.
ముందు కొసన ఉండే ఆడబొమ్మకి
ఎవరూ పసుపు పుయ్యలేదు.
ముసురు పట్టిన నాలుగు రోజులు పొయ్యిలో మండింది.
కూర బాగా ఉడికిందట.
అంకె ఉన్న దూలం మాత్రం
రెండు కావిళ్ళ ఎండుచేపలకి మాకొచ్చింది.

మొన్నటి తుఫానుకి ఊరంతా రేకులెగిరిపోయాయి.
దూలం కదల్లేదు.
నష్టం రాసుకోడానికి వచ్చిన కుర్రాడు
గడప బయటే నిలబడి ఇంటి నంబరడిగాడు.
అమ్మ వేలు పైకెత్తి చూపించింది.
అతను లోపలికొచ్చి, మెడ వంచి,
ఇంకా వంచి,
ఒక్కో అంకే కూడబలుక్కుని రాసుకున్నాడు.

కాగితమూ మేమూ
ఒకే లెక్క చెప్పడం ఇదే మొదలు.
డబ్బు ఇంకా రాలేదు.