చిగుళ్ళు

పొద్దున్నే ఉమ్మితే ఎర్రగా పడింది.
వేపపుల్ల గీరుకునిందిలే అనుకుంటి.
మూడేండ్లు అట్లనే అనుకుంటా వచ్చినా.

మా అన్న చెంగల్రాయుడు
పండ్లు తోమింది నేను చూళ్ళేదు.
దినానికొక బీడీకట్ట.
అరవైరెండేండ్లకి చెరుకుగడ నోటితోనే చీల్చి
పిల్లోళ్ళకి పంచుతాడు.
నాకు యాభైనాలుగు.
దామలచెరువు మండీలో తోతాపురి ముక్క కోసి చేతిలో పెడితే
జేబులో వేసుకోని
రుచి చూసినట్టే రేటు చెప్తా.

చిత్తూరులో పండ్ల డాక్టరమ్మ, నస్రీన్,
సన్న కడ్డీ చిగురు లోపలికి దించి
"ఆరు, ఏడు, మళ్ళీ ఏడు" అని
బాయిలో నీళ్ళు కొలిచినట్టు చెప్తా ఉంటే
పక్కన పాప రాసుకుంటా ఉండాది.
గోడమీద వెలుగులో నా దవడ.
వానకి మన్ను కొట్టకపోయి
వేర్లు తేలిన గట్టుమీది చెట్లు.

"మీ నాయనకి పండ్లు ఉండెనా?"

మా నాయన నవ్వేటప్పుడు
తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకునేవాడు.
సిగ్గనుకున్నాం మేము.

ఆయమ్మ నిదానంగా చెప్పింది.
ఎముకని తినేది పురుగొకటే కాదంట.
పురుగు వాకిట్లో కూర్చుంటే
దాన్ని తరమను లేచిన మన ఒంటి కావలోళ్ళే
కాగడాలు ఆర్పడం మరిచిపోయి
మన కొట్టాన్నే కాలుస్తారంట.
కొందరి నెత్తుట్లో ఆ కేక చిన్నది, కొందరిలో పెద్దది,
పుట్టుక రాతలో ఒక అక్షరం అటూ ఇటూ అయి.

"ఒక్క అక్షరానికా ఇంత?"

"ఒకటి కాదు, శానా ఉండాయి.
ఏది ఎంతో ఇంకా తేల్లేదు.
రాసుంటే వచ్చే తీరుతుందని కాదు,
వచ్చే దోవ కొంచెం నున్నగా ఉంటుంది, అంతే.
మీ అన్ననీ తోడుకోని రాండి.
బీడీ తాగేవాళ్ళకి నెత్తురు తక్కువ కనపడుతుంది,
లోపల ఏముందో చూడాల."

నేను అంట్లు కట్టేవాణ్ణి.
బేనీషా పుల్ల తెచ్చి ఏ మొక్కకి కట్టినా
బేనీషానే కాస్తుంది.
అదే టెంక పాతితే
ఏం కాస్తుందో కాసినాకే తెలిసేది.
మాయమ్మ మమ్మల్ని అంటు కట్టలేదు గదా.

మామిడి చిగురు ఎర్రగా పుట్టి
పదైదు దినాల్లో పచ్చకి తిరుగుతుంది.
నా చిగురు ఎరుపు కాడనే నిలిచిపోయింది.
చిగురనే పేరు నోటికీ చెట్టుకీ ఎవురు పెట్టినారో గాని
తెలిసే పెట్టినట్టుండారు.

నాలుగు తడవలు గీకించుకున్నా.
రెండు పండ్లు పోయినాయి, తక్కినవి ఉంటాయన్నారు,
రాత్రి దారంతో సందులు తీస్తే.
అంటు కట్టే చేతికి దారం కొత్తా?
అన్న మాత్రం రాలేదు.
"నాకేమిరా" అని గడ చీల్చినాడు.

నిన్న రాత్రి మా మోహన పండ్లు తోముతా ఉంటే
టార్చి పట్టుకోని పోయి
"ఉమ్ము, చూడాల" అంటి.
"ఛీ, ఏంది నాయనా" అనింది.
ఉమ్మింది.

తెల్ల నురగ.

నీళ్ళు పోసినాక గూడా
టార్చి ఆర్పకుండా
కొంచేపు అక్కడనే నిలబడుకుంటి.