బుడగ

ఉప్పల్ దాటకముందే వెనక టైరు కూలబడింది.
శనివారం, ఆరు కావస్తోంది.
ఎనిమిదింటికల్లా గుట్ట చేరాలని
తలంటుకుని, పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా
బయల్దేరినవాణ్ణి.

మెట్రో పిల్లరు పక్కన సైదులు అప్పుడే లేచాడు.
ముఖమైనా కడుక్కోలేదు.
ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి,
సొట్టల బేసిన్లో, నల్లటి నీళ్లలో
జానెడు జానెడు ముంచి తిప్పుతున్నాడు.

"ఎంతసేపు పడుతుందన్నా?"

చెయ్యెత్తాడు.
కోపంతో కాదు,
పసిపిల్ల పడుకున్న ఇంట్లో ఎత్తినట్టు.

లారీలు పోతున్నాయి. పైన మొదటి రైలు పోయింది.
బేసిన్లో నీళ్లు సన్నగా వణికి ఆగాయి.
నేనూ వంగాను, ఎందుకో.
అతని బీడీ వాసన, నా కుంకుడుకాయ వాసన
ఒకే బేసిన్ మీద.
జేబులో ఫోను మోగింది.
గుడి క్యూలోనైతే తీసేవాణ్ణే.

అప్పుడొచ్చింది
ఆవగింజంత బుడగ.
దాని వెనకే ఇంకొకటి.

"ఈడున్నది," అన్నాడు,
వేలు అక్కడే ఆనించి,
నాతో కాదన్నట్టు.

అరవై రూపాయలు.
టైరులోంచి తీసిన మేకు నా చేతిలో పెట్టి
"రోడ్డు మీద పారెయ్యకు సార్,
ఇంకెవరికన్న దిగుతది" అన్నాడు,
పంక్చర్ల మీద బతికేవాడు.

దర్శనం ఆలస్యమైంది. ఎండెక్కింది, కాళ్లు కాలాయి.
ఏం మొక్కుకుందామనుకున్నానో
సగం మర్చిపోయాను.
హుండీ ముందు చొక్కా జేబులో
చిల్లర కోసం తడుముతుంటే
చూపుడువేలికి చురుక్కుమంది.

ఈడున్నది.