ఏ పేరుతో

హన్మకొండల, ఫ్యాను కిర్రుమనే గదిల
ఏడుగురు పాస్టర్లు నా ఎదురుంగ కూసున్నరు.
బల్ల మీద నా కాయితాలు.
టెన్త్ మెమోల కొమురయ్య,
బాప్తిస్మం చీటిల జెకర్యా.
"ఇద్దరా, ఒక్కడా?" అని నవ్విండు
చివరి కుర్చీ ఆయన.
స్కాలర్‌షిప్పు కోసం మా నాయిన
బళ్ళె ఒక పేరు, గుళ్ళె ఒక పేరు రాయించిండని
నేను చెప్పలె.
ఆయన మెమోల ఏమున్నదో
ఆయనకు తెల్వదా?

త్రిత్వం అడిగిన్రు, చెప్పిన.
రక్షణ అడిగిన్రు, చెప్పిన.
కాజీపేటల రాత్రి క్లాసులు మూడేండ్లు
నిద్రమొకంతోటి బట్టీ పట్టినయే అవన్ని.
అప్పుడు అడిగిన్రు:
"పిలుపు ఎప్పుడొచ్చింది నాయనా?
తారీఖు చెప్పు, చోటు చెప్పు."

నా ముందు పోయిన పిలగానికి
మూడు దినాల ఉపాసంల వెలుగు కనబడ్డదట.
నాకు కనబడ్డది మిర్చి.

ఏనుమాముల యార్డు, ఫిబ్రవరి, తెల్లారుజాము.
కండ్లు ఆనినంత మేర ఎర్ర బస్తాలు.
ముక్కుకు తువ్వాల కట్టుకున్నా ఆగని తుమ్ము.
చేతిల కొక్కెం,
అంగీకి బిళ్ళ, నంబరు రెండొందల పదిహేడు.
నెట్టు ఒరిగింది.
కట్ల శాయిలు మీద పదకొండు బస్తాలు.
తీసేసరికి
ముక్కుల, నోట్ల, కనురెప్పల కింద అంత కారం,
తుమ్మని మనిషి ఆడ వాడొక్కడే.

శాయిలు చర్చి మెట్టెక్కినోడు గాదు,
ఏటేటా మైసమ్మకు కోడిని కోసెటోడు.
మేస్త్రీ నా దిక్కు చూసిండు:
"ఏయ్ కొమ్రా, ఆదివారం పోతవు గదా నువ్వు,
ఏదన్న చదువు.
ఊకె పంపొద్దు మనిషిని."

నాకప్పుడు వచ్చింది ప్రభువు ప్రార్థన, అదిన్నీ సగం.
ఆ సగంల సగం తుమ్ములల్ల పోయింది.
తర్వాత ఏం చెయ్యాల్నో తెల్వక
దూరం పడ్డ వాని చెప్పులు తెచ్చి
కాళ్ళకాడ జతగ పెట్టిన.
"శాయిలూ, పోయిరా" అన్న.
గంతే.

అప్పటిసంది యార్డుల
ఎవలకు జరమొచ్చినా, ఎవల పిల్లకు పేరు పెట్టాల్నన్నా
నన్నే దేవులాడుకుంట వచ్చుడు.
అది పిలుపో
ఇంకో మనిషి దొరుకకనో
ఇప్పటికీ తెల్వదయ్యా, అన్న.

కొద్దిసేపు గదిల ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.
ముసలి అయ్యగారు ఏసురత్నం
కండ్లద్దాలు తీసి తుడుచుకుంట అడిగిండు:
"ఆ చెప్పులు ఏమైనయి?"
"వాని కొడుకు ఏసుకున్నడయ్యా. పెద్దగయినయి."
ఆయన రాసుకోలె.
కలానికి మూత పెట్టిండు.

అభిషేకం నాడు
మా అక్క కుట్టించిన తెల్ల అంగీ, మెడకాడ బిర్రు.
మోకాళ్ళ మీద నేను, నెత్తి మీద చేతులు.
నెత్తి బరువు నాకు కొత్త గాదు,
నలభై కిలోల బస్తాకు
మెడ ఎట్ల నిలపాల్నో తెల్సు.
చేతులకే నిలుపరాలె.
ఒక చెయ్యి వణికింది.
ఒక చేతి గడియారం చెవికి చల్లగ తాకింది.
ఒక చెయ్యి మాత్రం
పడీ పడనట్టు, వెంట్రుకల మీద గాలిల ఆగింది.
కండ్లు మూసుకున్న, ఎవలదో చూడలె.
చూడకనే పోవాలె కొన్ని.

ఆరో బెంచీల మేస్త్రీ, తొమ్మిదిమంది హమాలీలు
రాత్రి పని నుంచి సీదా వచ్చి కూసున్నరు.
ముందు ఒక చిన్నపిల్ల తుమ్మింది,
తర్వాత కోశాధికారి,
అటెనుక పాస్టరమ్మ.
ప్రమాణం చదివించే పెద్దయ్యగారు సుత
"నమ్మకముగా" అనే మాట కాడ ఆగి
గట్టిగ తుమ్మిండు.
ఎవలూ నవ్వలె.
నేను నవ్విన, తల వంచుకొని.

బయట చెప్పులు ఏసుకుంటుంటె
"అయ్యగారూ" అని ఎవలో పిలిచిన్రు.
ముసలాయనకు తొవ్వ ఇద్దామని
పక్కకు జరిగిన.
"అయ్యగారూ."
మా తాత, తోళ్ళు తీసిన మనిషి,
ఆ మాట నోట్లకు రాకముందే
చెప్పులు చేతిలకు తీసుకునెటోడు.
నా చెయ్యి గూడ కిందికి పోయింది.

మూడోసారి మేస్త్రీ, ఇసుక్కొని:
"ఏయ్ కొమ్రా, నిన్నేనోయ్!"

అప్పుడు తిరిగిన.