రెండో పెద్దమనిషి

క్యాంపు ఫారం అడుగున రెండు గళ్లుంటాయి.
మొదటి గడిలో నా సంతకం,
పదకొండేళ్లుగా ఒకటే వంపు,
చివర చుక్క పెట్టడం మాత్రం ఈమధ్య మానేశాను.
రెండో గడి
కొరుక్కుపేట రైల్వే గేటులా
ఎప్పుడూ ఎవరికోసమో ఆగి ఉంటుంది.

నేను టీచర్ని కాను.
కాసిమేడులో ఐసు ఫ్యాక్టరీ పద్దులు రాస్తాను.
శనివారం మూడున్నరకి
వేళ్లలో చలి వదలకముందే
మెడకి స్కార్ఫు చుట్టుకుని బస్సెక్కుతాను.
ఒకసారి పక్కసీటావిడ అడిగింది,
ఏ బ్యాంకులో సెక్యూరిటీ అని.

ఎత్తిరాజులు గారుండేవారు నాకు తోడు.
తాడు వంక చూడకుండా ముడి వేసేవారు,
చీకట్లో, వీపు వెనక, కబుర్లు చెబుతూ.
కిందటి క్యాంపు కూరగాయల ఖర్చులో
నాలుగువందల ఎనభై రూపాయల దగ్గర
మాకు మాట తేడా వచ్చింది.
లెక్క నాదే కరెక్టు.
ఆయన విజిల్ తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.
లెక్క ఇప్పటికీ నాదే కరెక్టు.
నిద్ర పట్టని రాత్రి దాన్ని మళ్లీ కూడి చూస్తాను,
ఈసారైనా తప్పు రాదా అని.

వాట్సాప్ గ్రూపులో యాభైనలుగురు తల్లిదండ్రులు.
రెండు రాత్రులు, ఎవరైనా ఒక్కరు తోడు రండి అని రాస్తే
దండం పెట్టే చేతులు పదిహేడొచ్చాయి,
బొటనవేళ్లు ఇరవై,
ఆడి మాసం చీరల తగ్గింపు బొమ్మ ఒకటి.
ఒకాయన మాత్రం ఫోన్ చేసి అడిగాడు,
ఈ సర్టిఫికెట్టుకి కాలేజీ సీటులో
ఎన్ని మార్కులు కలుస్తాయని.
తిట్టుకోలేదు. నాకూ తెలీదన్నాను.
తిట్టుకున్నది ఫోన్ పెట్టేశాక.

శుక్రవారం రాత్రి పెన్ను చేతిలో ఉంది.
ఎత్తిరాజులు గారి సంతకం నాకొచ్చు.
'ఎ'కి అంత పెద్ద తల ఇంకెవరు పెడతారు!
ఒక్క గీత గీస్తే
ముప్పైఒక్కమంది పిల్లలు ఏలగిరి కొండెక్కుతారు.
పెన్ను మూత పెట్టేశాను.
ధర్మం కాదు, భయం.
ఎవడి కాలో జారితే
ఆ గడిలోంచి ఎవరు పరిగెత్తుకొస్తారు?

"క్యాంపు లేదు" అన్నాను శనివారం.
వరస కదల్లేదు.
యువనేశ్ ఒక్కడే ముందుకొచ్చాడు,
మీసం ఇంకా పెన్సిల్‌తో గీసినట్టుండే పెట్రోల్ లీడర్.
"మిస్, ఐప్పసిలో నాకు పద్దెనిమిది నిండుతాయి.
నేను పెట్టనా సంతకం?"
ఐప్పసి దాకా ఆగరా అన్నాను నవ్వబోతూ.
వాడు నవ్వలేదు.
వాడి కళ్లలో ఆ ఖాళీ గడి కనిపించి
నేనే చూపు తిప్పుకున్నాను.

గుడారం ఇక్కడే వేసేద్దాం అన్నారు చిన్నాళ్లు.
కార్పొరేషన్ బడి ఆవరణంతా సిమెంటు, మేకు దిగదు.
ఒక తాడు చేతిపంపుకి,
ఒకటి జెండా కర్రకి,
ఒకటి వాచ్‌మన్ సైకిల్‌కి, ఆయన అరుస్తుండగానే.
నాలుగోదానికి ఏమీ దొరకలేదు.

గేటు బయట, ప్రతి శనివారం లాగే
హేమనాథ్ వాళ్ల నాన్న ధనకోటి
ఆటోలో కాళ్లు చాపుకుని ఉన్నాడు,
మా అందరికన్నా అసలైన ఖాకీలో.
పిలిచాను.
"నాకివన్నీ తెలీవమ్మా."
"తెలియక్కర్లేదు. పట్టుకోండి."
తాడు కొస అరచేతికి రెండు చుట్లు చుట్టి
మూటలు బిగించే మనిషిలా వెనక్కి వాలాడు.

గుడారం లేచింది.
ఆరుగురికి కుట్టిన గుడ్డలోకి
దూరగలిగినంతమంది దూరారు.
హార్బరు వైపు గూడ్సుబండి కూత,
లోపల ఎవరిదో మోచెయ్యి, ఎవరిదో కేక,
పైన నాలుగు చినుకులు.
ధనకోటి ఫోన్ మోగింది.
ఖాళీ చేత్తో తీసి, సవారీ కుదరదని చెప్పి
జేబులో పడేసుకున్నాడు.
కాసేపయ్యాక అడిగాడు:
"ఎంతసేపు పట్టుకోవాలమ్మా?"

విజిల్ నా నోట్లో ఉంది.
ఊదలేదు, తియ్యలేదు.