పద్నాలుగో పాదసూచిక

హన్మకొండ చౌరస్తాల, మెట్ల కింద
నా డీటీపీ దుకాణం.
పెండ్లి కార్డులు, దరఖాస్తులు, సంవత్సరీకం కరపత్రాలు,
ఎండకాలం ముంగట థీసిస్‌లు.
పదమూడేండ్ల సంది
వేరేటోళ్ల వాక్యాలకు వత్తులు పెడుతున్న.

ఒక దినం, ఎవరిదో గ్రంథసూచి కొట్టుకుంట కొట్టుకుంట
వేళ్లు ఆగినయి:
"కొత్తవాడ జంపఖానా నేతగాళ్ల పనిమాటలు."
కొత్తవాడ మా వాడనే.
ఆ మాటలు మా ఓదేలు పెదనాయన నోట్లెవి.
యాదికున్నది, ఒక సారొచ్చి
మూడు దినాలు రికార్డర్ పట్టుకొని కూసున్నడు.
చాయ తెచ్చింది నేనే. ఆరో తరగతి.

నెట్‌ల ఎతికితే దొరికింది.
దొరికింది అంటే
పేరు దొరికింది, మొదటి పేరా దొరికింది,
దాని కింద తాళం బొమ్మ.
ఒక్క దినం చదువనీకి ముప్పై తొమ్మిది డాలర్లు.

పెదనాయనకు చెప్పిన.
కండె చుట్టుడు ఆపలే.
"రూపాయల్ల ఎంత?"
చెప్పిన.
"అంటే పది జంపఖానల కూలి" అన్నడు,
కోపం లేకుంట, లెక్క చెప్పినట్టు.
"మంచిగనే పలికింది గదా బిడ్డా నా మాట."

నుస్రత్ మేడం చరిత్ర చెప్తది.
ఆమె, పరకాల తెలుగు సారు ఒకాయన,
చెరువుల తూములు కొలిచే ఇంకొకాయన
ముగ్గురు కలిసి పత్రిక పెట్టిండ్రు.
చందా లేదు. తాళం లేదు.
రాసినోళ్ల దగ్గర పైస తీస్కోరు.
"నీకు పేజీకి ఇరవై ఇస్తం,
ఒక్కోసారి లేటయితది" అన్నది మేడం.
లేటు మాట మాత్రం ఎన్నడు తప్పలే.

పాత ఫాంట్ల కొట్టినయి యూనికోడ్‌లకు మారిస్తే
అక్షరాలు విరుగుతయి.
రాజ్యం పగిలి రాజయం అయితది,
న్యాయంల వత్తు ఊడి ఎక్కడనో పడుతది.
రాత్రుళ్లు కూసోని ఒక్కొక్కటి అతుకేసిన.
బొగ్గుబాయి మూడో షిఫ్టు నిద్ర మీద ఒకటి,
చచ్చినోళ్ల బట్టలు ఎవరికిస్తరన్న దాని మీద ఒకటి;
ఏ శాఖ గడప తొక్కినా
మాది కాదు పొమ్మన్న వ్యాసాలు
మా దగ్గర చాప పరుచుకున్నయి.

మూడో సంచికకు మేడం ఆ పాత సారును పట్టింది.
రిటైరయిండట.
"అచ్చుకు పంపకముందటి ప్రతి నాదే,
వేసుకోండి" అని ఒక్క ముక్క రాసిండు.

పెద్ద అక్షరాలల్ల ప్రింటు తీసి
పెదనాయన చేతుల పెట్టిన.
దారం కట్టిన అద్దాలు.
వేలు వరుస వెంట, నాడె పోయినట్టు,
ఇటు చివర నుంచి అటు చివరకు.
తొమ్మిదో పేజీల ఆగింది.

పద్నాలుగో పాదసూచిక:
"పంజా: పులి గోళ్లను పోలిన అంచు నమూనా."

నవ్విండు. దగ్గొచ్చేదాక నవ్విండు.
మగ్గం పక్క నుంచి ఇనుప పంజా తీసి
ఆ పేజీ మీద పెట్టిండు, దన్నుమని.
పేకను దగ్గరికి కొట్టే దువ్వెన అది,
పండ్లు అరిగి నున్నగైనయి.
"ఇరవై ఏండ్ల సంది
దేశాలన్ని దీన్ని పులి అనుకుంటున్నయా?"

నేనేం చెప్పాలె.
డాలర్లు కట్టి చదివినోళ్లు పంజా చూడలే,
పంజా పట్టినోళ్లకు ఆ పేజీ అందలే.

ఆ రాత్రే సవరణ కొట్టిన, ఆయన చెప్పిందే:
"పంజా పులిది కాదు. మా చేతిది."
పంపుదామంటే ఫారం ముంగటికి జరగది.
'సంస్థ' అన్న గడి ఖాళీ ఉండొద్దంట.
ఫోన్ చేసి అడిగిన.
అవతల కాసేపు సప్పుడు లేదు.
"గుంత మగ్గం అని రాయి."

రాసిన. ఒప్పుకున్నది.

ఎవరన్న, ఎక్కడన్న, ఉత్తగనే చదువుకోవచ్చు దాన్ని.
పంజా పెట్టిన కాయితం మీద
తుప్పు గీతలు పడ్డయి, ఐదు.
అది మాత్రం స్కాన్ చెయ్యలే,
నా దగ్గరనే దాసుకున్న.