మూడో మలుపు దగ్గర

అవతలి పల్లెల పాలు ఎత్తుకొని
సీతారాంపురం కనుమ ఎక్కేటప్పుడు
రెండో మలుపు దాకా జీపు బుద్ధిగానే ఉంటది.
మూడోది రాగానే మూలుగుద్ది.
సూది ఎర్రగీత ఎక్కి కూచుంటది.
బానెట్ సందుల్లోంచి ఆవిరి,
ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు.

వెనకాల ఎనిమిది క్యాన్లు.
పాలకి తొందర, జీపుకి జ్వరం.
మలుపులో ఉన్న బోరింగు కొట్టి
బిందెడు నీళ్ళు పోసి, చల్లారిందాకా
రాయి మీద కూచునే వాణ్ణి.
పదకొండేళ్ళు.

ఉదయగిరిలో కాశింపీరా షెడ్డుకి తోలాను.
"వేడి మీద మూత తియ్యబాక"
అన్నాడు ముందుగా.
నా మోచేతి మీద మచ్చ చూపించాను.
"సరే, నీకు చెప్పక్కర్లేదు" అన్నాడు.

మొదట మూత. రబ్బరు ఎండి
పాత అప్పడంలా విరిగింది. కొత్తది వేశాడు.
మూడో మలుపు మళ్ళీ మూలిగింది.

తర్వాత బెల్టు. బొటనవేలితో నొక్కితే
అరంగుళం దిగాలంట, రెండంగుళాలు దిగింది.
బిగించాడు. ఫ్యాను గిర్రున తిరిగింది.
నాలుగు రోజులు బాగుంది.
అయిదో రోజు రెండు క్యాన్లు విరిగిపొయ్యాయి.

థర్మోస్టాట్ చూద్దామని
టీ గిన్నెలో నీళ్ళు మరగబెట్టాడు.
వాళ్ళావిడ గౌసియా, అరుగు మీద
నర్ది చెక్కతో గరిటెలు చెక్కుతూ,
"నా గిన్నె!" అని అరిచింది.
తీరా విప్పితే లోపల ఏమీ లేదు.
ఎవడో, ఏ కాలంలోనో,
అడ్డమని పీకి పారేసినట్టుంది.
గిన్నెలో నీళ్ళు ఊరికే మరిగాయి.
అందులోనే టీ పొడి వేశాడు.

టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి,
వేడిగా ఉన్న రేడియేటర్ మీద
అరచెయ్యి దగ్గరగా పెట్టి
పైనుంచి కిందికి జరిపాడు,
బిడ్డ ఒళ్ళు చూసినట్టు.
పైన కాలుతోంది.
నడుం కాడ్నుంచి కిందికి
చల్లగా, చచ్చిపోయినట్టు.
"ఇక్కడ నీళ్ళు పోవటం లేదబ్బా."

దింపి, టాంకు మంటతో ఊడదీశాడు.
లోపల తెల్లగా.
గొట్టాలన్నీ పూడిపోయి
గూడు కట్టిన సున్నం.
స్క్రూడ్రైవరుతో కొడితే
పెచ్చు ఊడి, గరిటెల పక్కన పడింది.
గౌసియా దాన్ని ఎత్తి గోటితో గీకి చూసింది.

"మీ అమ్మ మోకాళ్ళు విప్పినా
ఇదే ఉంటది" అంది మొగుడితో.

కాశింపీరా ఏమీ అనలేదు.
లేవబొయ్యి, బెంచీ పట్టుకొని,
మెల్లగా నడుం నిలబెట్టుకున్నాడు.
నవ్వినప్పుడు నేనెప్పుడూ గమనించలేదు,
పళ్ళ మీద గోధుమ రంగు చారలు.

హెల్త్ సెంటర్ ఆయన్ని అడిగితే
రెండూ వేరు అన్నాడు.
ఎముకల్లో చేరేది ఫ్లోరైడ్,
జీపులో పేరుకున్నది సున్నం.
సరే. శాస్త్రం ఆయనకి తెలుసు.
బోరింగు మాత్రం ఒకటే.

రంపం బ్లేడు సన్నగా అరగదీసి
గొట్టం గొట్టంలో దూర్చి లాగాడు.
రెండు పగళ్ళు పట్టింది.
కొత్త థర్మోస్టాట్, పచ్చరంగు కూలెంటు.
"ఇంకమీదట దీనికి
ప్లాంటు నీళ్ళు తప్ప పొయ్యబాక"
అని ఒట్టు పెట్టించుకున్నాడు.
అట్టాగే అన్నాను.
ఇరవై లీటర్ల క్యాను ఒకటి
సీటు వెనక తాడేసి కట్టుకున్నాను.

నిన్న మూడో మలుపులో
అలవాటు చొప్పున కాలు బ్రేకు తొక్కింది.
బోరింగు దగ్గర ముసలమ్మ,
ఒంగిన నడుము ఒంగినట్టే
చేతిపిడి మీద బరువేసి కొడుతోంది.
క్యాను వైపు చూసింది.
"అమ్ముతావా నాయనా?"

"కాదమ్మా. జీపుకి."

"జీపుకా?" అంది.
కొట్టడం ఆపి, మళ్ళీ అడిగింది,
"జీపుకా?"

ఇంజను ఆగకుండా తిరుగుతోంది.
సూది మధ్యలోనే ఉంది.